చెవికి దూరంగా

గిన్నెలు తోముతూ, ఫోన్‌ని చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, ఇవాళ చెరువులో చేపలకి మేత వేయొద్దని రైతు సూర్రావు గారికి చెబుతున్నాను. మా ఆయన ఆనంద్ పాల్ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

"ఆ ఫోన్ రేడియేషనంతా తిన్నగా బుర్రలోకి పోతుంది. అందుకే నీకు రోజూ తలనొప్పి."

తలనొప్పి మాత్రం నిజం. నాలుగింటికి లేచి, ఆయనకీ ఇద్దరు పిల్లలకీ క్యారియర్లు సర్ది, మా అత్తగారికి వేణ్ణీళ్లు పెట్టి, స్కూటీ మీద ఏలూరు నుంచి పెదపాడు పరిగెత్తే మనిషికి తలనొప్పి రాకపోతేనే ఆశ్చర్యం. ఆ సమయంలో ఆయన మంచం మీద పడుకుని ఫోన్ చూస్తుంటారు. ఫోన్ రేడియేషన్‌తో మెదడు పాడవుతుందనే వీడియో కనిపెట్టింది అందులోనే.

అక్కడి గ్రామ సచివాలయంలో నేను మత్స్య సహాయకురాలిని. చేపల చెరువులు చూడడం నా ఉద్యోగం. చేరిన కొత్తలో రైతులు "ఈ అమ్మాయికి చేపల సంగతేం తెలుసండీ?" అనేవారు, నాకు వినపడేలాగానే. ఇప్పుడు నీటి రంగు కాస్త మారితే మొదటి ఫోన్ నాకే వస్తుంది. అది మోగినప్పుడల్లా నాకు గర్వంగా ఉంటుంది, చెప్పుకోవడానికి సిగ్గెందుకు? "ఆ రైతుల ఫోన్లు ఎత్తడం మానెయ్యి. కావాలంటే ఆఫీసు టైముకి వచ్చి అడుగుతారు," అన్నారాయన. చేపలు ఆఫీసు టైము చూసుకుని చావవు. నేను ఎత్తకపోతే ఒక్క పూటలో చెరువు పోతుంది, దాంతోపాటు నేను సంపాదించుకున్న పేరూ పోతుంది. తన ఫోన్ల మాట మాత్రం ఆయన ఎత్తలేదు. నీలం చొక్కా ఏదని, పప్పులో ఉప్పెక్కువైందని, రోజుకి పదిసార్లు చేసేది ఆయనే. ప్రతిసారీ "బుద్ధుందా", "బుర్రుందా". అదంతా నా ఒక్కదాని చెవిలోకే కాబట్టి మూడో మనిషికి తెలియదు. నేను "సరేనండీ" అని పెట్టేసి, చెరువు గట్టు మీద వాళ్లకి నవ్వుమొహం చూపించేదాన్ని.

చివరికి ఆయనే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లారు, ఆవిడ చేత చెప్పిద్దామని. ఆవిడ వీడియో చూసి ఫోన్ తిరిగిచ్చేశారు.

"మెదడుకి హాని అని ఇంతవరకు గట్టిగా రుజువు కాలేదండీ. పరిశోధనలు జరుగుతున్నాయి. భయముంటే చెవికి దూరంగా పెట్టి స్పీకర్‌లో మాట్లాడితే సరి. రోజుకెన్ని గంటలు నిద్రపోతావమ్మా?"

"నిద్రకేం లోటు లేదండీ," అని నా బదులు ఆయనే చెప్పారు.

బయటికి రాగానే ఆర్డరు వేశారు. "విన్నావుగా. ఇకనుంచి ఎవరు చేసినా స్పీకరే. చెవికి పెట్టావంటే ఊరుకోను."

"సరేనండీ," అన్నాను.

మర్నాడు తెల్లవారుతుండగా సూర్రావు గారి ఫోన్. చేపలన్నీ నోళ్లు తెరుచుకుని నీటి పైకి వచ్చేశాయట. ఫ్లాస్కులో కాఫీ పోసి మా ఆయన బ్యాగులో పెట్టి పరిగెత్తాను. నీటిలోకి గాలి ఎక్కించే ఏరేటర్లన్నీ వేయించాను, కొత్త నీరు పెట్టించాను. తొమ్మిది కావస్తుండగా చేపలు మెల్లగా లోపలికి దిగడం మొదలుపెట్టాయి. సూర్రావు గారు తలగుడ్డ తీసి మొహం తుడుచుకుని, "బతికించారండీ మేడమ్ గారూ," అన్నారు. అప్పుడే మా ఆయన ఫోన్ వచ్చింది. ఆయన చెప్పినట్టే స్పీకర్ నొక్కాను.

"ఎక్కడ చచ్చావే? ఫ్లాస్కు మూత బిగించడం కూడా రాదు, బుర్రతక్కువదానా! బ్యాగంతా కాఫీ!"

గట్టు మీద ఎనిమిది మంది ఉన్నారు. చెరువు పనికొచ్చే మరిడమ్మ గట్టిగానే అడిగింది.

"ఎవరండీ ఆయన? మన మేడమ్ గారితో అలా మాట్టాడతన్నారు?"

ఈసారి ఆయన గొంతు బాగా తగ్గి వచ్చింది.

"పక్కన ఎవరైనా ఉన్నారా?"

"ఉన్నారండీ. ఎనిమిది మంది."

"స్పీకర్ తీసెయ్యి. చెవికి పెట్టుకో."

పన్నెండేళ్లుగా అలవాటైన "సరేనండీ" నోటిదాకా వచ్చింది. చెరువు వైపు చూశాను. నీటి మీద ఒక్క చేప కూడా కనిపించడం లేదు.

"పెట్టుకోనండీ," అన్నాను, గట్టు మీద అందరికీ వినపడేలా. "ఈ బుర్రతో నాకింకా చాలా పనుంది."