బహురూపిలో మంచం

మంచం నాలుగో కాలికి బోల్టు బిగిస్తుండగానే దాన్ని ఊడదీయమని హుకుం వచ్చింది. సింహాచలం చేతిలో రెంచి అలాగే ఆగిపోయింది. పరాయి దేశంలో, జురాంగ్ వెస్ట్ అవతలి రేవులో మిట్టమధ్యాహ్నపు ఎండ. బహురూపి కడుపులో అంతకు రెట్టింపు ఉక్క.

బహురూపి నీళ్ల మీద నడిచే ఓడ కాదు, ఆకాశంలోకి పోయేది. ఐటీ జోరుకు నేల చాలక కంపెనీలు కంప్యూటర్ల గిడ్డంగుల్ని అంతరిక్షంలో కట్టుకున్నాక దీనికి గిరాకీ పెరిగింది. కుర్చీలు బిగిస్తే ఇంజినీర్లను మోస్తుంది. అవి తీసి అరలు బిగిస్తే సర్వర్లను మోస్తుంది. మంచం, ఆక్సిజన్ గొట్టం అమరిస్తే ఆసుపత్రి. ఏ ఎండకా గొడుగు పట్టడంలో తన యజమానులకు అదేమీ తీసిపోదు. కూలీల కోసం మాత్రం దానికి ఏ రూపమూ లేదు. సర్వర్ల అరల మధ్య నిలబడి, నడుముకు బెల్టు కట్టుకుని పోయి రావాల్సిందే. రోజుకు ఇరవై రెండు డాలర్ల మనుషులకు కుర్చీలెందుకు లేవని ఎవరూ అడగలేదు. వాళ్లూ అడగలేదు.

ఆ ఉదయం పైన గిడ్డంగిలో చల్లబరిచే గొట్టం పగిలి, అందులోని విషపు ఆవిరి తిరుమలేష్ ఊపిరితిత్తుల్లోకి పోయింది. పాలమూరు మనిషి, డార్మిటరీలో సింహాచలం పక్క బంకు. అతన్ని కిందికి తేవడానికి డ్యూటీ ఇంజినీరు నిఖిల వెంటనే మంచం వేయమంది. సింహాచలం, తోటి ఫిట్టరు ఆదెమ్మ అన్నం కూడా తినకుండా వేశారు. ఇప్పుడు సూపర్‌వైజర్ సుధాకరరావు వచ్చి నిఖిల మాట కొట్టేశాడు.

“బ్యాంకు సర్వర్లు ఈ ట్రిప్పులోనే వెళ్లాలయ్యా. మంచం ఉంటే రెండు అరలు పట్టవు. తీసెయ్.”

“మరి తిరుమలేషో, బాబూ?”

“రేపు సాయంత్రం ట్రిప్పుకి వేద్దాం. అంత తొందరైతే, మీరంతా వచ్చినట్టే అరల మధ్య నిలబడి వస్తాడు.”

“ఊపిరాడనోడు నిలబడతాడేటి బాబూ? గాలిగొట్టం ఈ మంచానికే ఉంది గదా. రేపటిదాకా ఆడు బతుకుతాడా?”

“కెనాట్ లా! కుదరదంటే కుదరదు. నీ వర్క్ పర్మిట్ సంగతి ఆలోచించుకో. నేనూ నీలాగే పొట్ట చేతపట్టుకుని వచ్చినవాణ్ణే. నాకు లేదా జాలి?”

ఆ చివరి మాట అబద్ధం కాదు. బుకిట్ బటోక్ ఫ్లాటుకు వాయిదాలు కడుతున్న సుధాకరరావుకు జాలి ఉంది. పైవాళ్లంటే భయం దానికంటే ఎక్కువ ఉంది.

సింహాచలానికి ఒళ్లు మండింది. ఇన్నేళ్లూ తియ్యమంటే తీశాడు, బిగించమంటే బిగించాడు. పర్మిట్ పోతే ఇంటికి పంపేస్తారని తెలుసు. అయినా రెంచి కింద పెట్టాడు. మంచం మీద వెల్లకిలా పడుకుని, రోగికి కట్టే బెల్టును తన ఛాతీ మీదికి లాక్కుని బిగించుకున్నాడు.

“నాను తియ్యను బాబూ. తీస్తే నన్ను కూడా కలిపి తియ్యండి.”

సుధాకరరావు ముఖం కందగడ్డలా అయింది. బయట సర్వర్ల పెట్టెలు ఎత్తిన క్రేను హారన్ కొట్టింది.

“ఆదెమ్మా, వీడి బెల్టు విప్పు. మంచం తీసెయ్. రేపటి నుంచి ఫిట్టర్లకి నువ్వే మేస్త్రీవి.”

ఆదెమ్మ చేతులు చొక్కాకు తుడుచుకుని మంచం దగ్గరికి వచ్చింది. సింహాచలం కళ్లు మూసుకున్నాడు.

“ఓరి సింహాచలం, కాళ్లకాడ బెల్టు ఒగ్గేసినావు,” అంది. వంగి, వదులుగా వేలాడుతున్న రెండో బెల్టును అతని మోకాళ్ల మీదుగా లాగి గట్టిగా బిగించింది.