గోడ పక్క చోటు

చిన్న కోడలు పోయిన రోజు పొద్దున పన్నెండు ఎండుకొబ్బరి చిప్పలు తపేలాలో నాని ఉన్నాయి. ముందురోజు సాయంత్రం వేడినీళ్లు పోసి మూత పెట్టింది ఆమే. పెద్ద కోడలు ఆరింటికి వంటింట్లోకి వచ్చి, చిప్పలు ముక్కలుగా తరిగి, రెండో మనిషి కోసం ఎదురుచూసింది. ఆరున్నర దాటాక వెళ్లి తలుపు తట్టింది. మరిది స్నానాల గదిలో పాట పాడుకుంటున్నాడు. మంచం మీద మనిషి గోడవైపు తిరిగి పడుకుని ఉంది. భుజం మీద చెయ్యి వేయగానే పెద్ద కోడలికి తెలిసిపోయింది. పక్కనుంచి లేచి వెళ్లినవాడికి తెలియలేదు.

ఆ మధ్యాహ్నం ఇల్లంతా మనుషులు. అత్తగారు కళ్లు తుడుచుకుంటూ వంటింటి గుమ్మం దాకా వచ్చి, "అమ్మాయ్, ఆ కొబ్బరి పులిసిపోతుందేమో చూడు" అంది.

మామగారికి పాలు పడవని డాక్టరు చెప్పి నాలుగేళ్లయింది. దుకాణంలో దొరికే కొబ్బరిపాలు తెచ్చిపెడితే డబ్బా వాసన అన్నాడాయన. పచ్చికొబ్బరి ఎప్పుడూ దొరకదు. ఎండుకొబ్బరి బస్తాతో తెచ్చుకుంటే నెలల తరబడి ఉంటుంది. ఆయనకని మొదలుపెట్టింది, రుచి బాగుందని ఎనిమిది మందికీ అలవాటైంది. పచ్చిదైతే చేత్తో పిండితే పాలిస్తుంది. ఎండినది అలా లొంగదు. నానబెట్టి, తరిగి, వేడినీళ్లతో మెత్తగా రుబ్బి, మందపాటి గుడ్డలో పోసి మెలిపెట్టాలి. ఒక కొస ఒకరు, రెండో కొస ఒకరు పట్టుకుని, ఎవరి కుడివైపుకు వాళ్లు తిప్పాలి. అప్పుడే గుడ్డ బిగుస్తుంది. ఆ పిప్పినే మళ్లీ రుబ్బి మళ్లీ పిండాలి. ఆ అరగంటే తోడికోడళ్లిద్దరూ నోరు విప్పి మాట్లాడుకునే సమయం.

"మామగారు పాలు మానేశారు, మనం నిద్ర మానేశాం" అనేది చిన్నది. "ఈ గుడ్డకి నోరుంటే మనిద్దరి నుంచీ విడాకులు అడిగేది అక్కా."

పోవడానికి ఇరవై రోజుల ముందు, గుడ్డ మెలిపెడుతూ, "అక్కా, చెయ్యి లాగుతోందే" అంది. మర్నాడూ అంది. భోజనాల దగ్గర ఆ మాట పైకి వచ్చింది. "ఎనిమిది గ్లాసుల పాలకే చెయ్యి పడిపోతోందా?" అన్నాడు పెద్ద కోడలి భర్త. "మేము మిక్సీలు లేని రోజుల్లో చేశాం తల్లీ" అంది అత్తగారు. "పని తగ్గించమని అడగడానికి ఇదో కొత్త దారి వదినా" అని మరిది నవ్వాడు. చిన్నది కూడా నవ్వింది. తర్వాత రెండు మెట్లెక్కి ఆగిపోవడం, బట్టలారేసి కుర్చీలో కూలబడటం పెద్ద కోడలు చూసింది. చూసి, తనకు తోచింది చెప్పింది. "గోడ పక్కన నీ ఎడమ మోచేతికి చోటు చాలడం లేదు. నువ్విటు రా, నేనటు వెళ్తాను." చోట్లు మార్చుకున్నారు. రెండు రోజుల తర్వాత, "ఇప్పుడు కాస్త నయం అక్కా" అంది చిన్నది. ఆ మాట తన మీద ప్రేమతో అన్నదని పెద్ద కోడలికి అప్పుడు తట్టలేదు.

ఇంటికి వచ్చిన వాళ్లందరికీ ఒకటే మాట చెప్పారు. నిద్రలో పోయింది, ఏ బాధా పడలేదు, అదృష్టవంతురాలు. పెద్ద కోడలు బడిలో పిల్లల సమాధానాలు దిద్దుతుంది. తప్పులేని వాక్యం రాసి, అడిగిన ప్రశ్నను వదిలేసే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. ఆ వాక్యాల పక్కన ఆమె ఎర్రసిరాతో గీత పెడుతుంది. ఇంట్లో ఆ వాక్యాన్నే తానూ నలుగురికి చెప్పింది.

నాలుగు నెలలు గుడ్డ రెండో కొసను కుళాయికి కట్టి ఒక్కతే మెలిపెట్టింది. కుళాయి మనిషిలా తిప్పదు. రెట్టింపు సేపు పట్టేది. బడికి ఆలస్యం. "ఇంట్లో దుఃఖం ఉంది, కాదనను. హాజరుపట్టీకి అది తెలీదు కదా టీచర్" అంది ప్రధానోపాధ్యాయిని. ఇంట్లో ఈ సంగతి చెబితే అత్తగారు జాలిపడింది. "అందుకేగా, రెండో చెయ్యి తెస్తున్నాం" అంది.

మరిదికి చూస్తున్న ఆ రెండో చెయ్యి మందుల దుకాణంలో పనిచేస్తుంది. ముప్పై రెండేళ్లు. మొదటి పెళ్లి నిలవలేదు. ఆదివారం తల్లితో కలిసి ఇల్లు చూడటానికి వస్తోంది. అంతకుముందు రోజు చొక్కాకి ఇస్త్రీ చేసి ఇస్తుంటే భర్త అన్నాడు. "వాళ్లు నిన్ను అడుగుతారు. నువ్వు టీచర్‌వి, నీ మాట నమ్ముతారు. నిద్రలో పోయిందని చెప్పు, చాలు. అబద్ధం కాదుగా."

"కాదు" అంది. ఆ మాట తర్వాత ఇంకో మాట చెప్పాలని ఉంది. అతను చొక్కా తొడుక్కుని అద్దం ముందుకు వెళ్లిపోయాడు. చెబితే ఈ సంబంధం చెడుతుంది. చెప్పకపోతే ఆ అమ్మాయి వచ్చి ఈ వంటింట్లో నిలబడుతుంది. తన పని సగమవుతుంది, బడికి వేళకు వెళుతుంది. ఆ ఆలోచన వచ్చినందుకు ఆమెకు తన మీదే భయం వేసింది.

ఆదివారం హాల్లో అందరూ కూర్చున్నారు. అత్తగారు ఇంటి సఖ్యత గురించి చెబుతోంది. పెద్ద కోడలు వంటింట్లో రుబ్బిన కొబ్బరిని గుడ్డలో పోస్తుండగా ఆ అమ్మాయి లోపలికి వచ్చింది.

"ఒక్కరే చేస్తున్నారేంటక్కా? ఇలా ఇవ్వండి." కుళాయి నుంచి కొస విప్పుకుని గోడ పక్కకు వెళ్లి నిలబడింది. తిప్పడం మొదలుపెట్టింది. ఎడమవైపుకు. గుడ్డ బిగియకుండా ఇద్దరి మధ్యా గిర్రున తిరిగింది. అమ్మాయి నవ్వింది. "నాకు రావడం లేదు. ఎటు తిప్పాలి?"

'నీ కుడికి' అన్న మాట పెద్ద కోడలి నోటి చివరిదాకా వచ్చింది. అది చెబితే ఈ అమ్మాయికి పని నేర్పినట్టే. ఆమె చెప్పలేదు. గుడ్డ వదలలేదు.

అమ్మాయి గొంతు తగ్గించింది. "అక్కా, ఒకటి అడగనా? ముప్పై ఆరేళ్ల మనిషి నిద్రలో ఎలా పోతుంది? అంతకుముందు ఒంట్లో బాగాలేదా?"

"చెయ్యి నొప్పి అనేది."

"ఏ చెయ్యి?"

నాలుగు నెలల్లో ఆ మాట ఎవరూ అడగలేదు. ఆ ఇరవై రోజుల్లోనూ అడగలేదు.

"ఎడమది" అంది పెద్ద కోడలు. "మెట్లెక్కితే ఆయాసం కూడా వచ్చేది."

అమ్మాయి తిప్పడం ఆపేసింది. ఆమె ముఖంలో నవ్వు పోయింది. "గుండె డాక్టరుకి చూపించలేదా?"

"లేదు. ఈ గుడ్డ మెలిపెట్టడం వల్ల అనుకున్నాం. ఇప్పుడు నువ్వు నిలబడ్డ చోట ఇరుకని, చోట్లు మార్చుకుందామన్నాను. ఆ మాట అన్నది నేనే."

అమ్మాయి ఒక అడుగు ముందుకు జరిగింది. పాలు సన్నటి ధారగా గిన్నెలోకి కారుతున్నాయి. గుమ్మంలో భర్త నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో తెలియదు. వెనకాల మరిది.

"ఏం చెబుతున్నావ్?" అన్నాడు భర్త.

"అడిగినదానికి జవాబు చెబుతున్నాను."

అమ్మాయి గుడ్డ కొసను జాగ్రత్తగా గిన్నె అంచు మీద ఆనించి, చేతులు కడుక్కుని, పెద్ద కోడలి మణికట్టును ఒకసారి పట్టుకుని వదిలి, హాల్లోకి వెళ్లిపోయింది. కాసేపటికి తల్లీకూతుళ్లు లేచిన చప్పుడు, అత్తగారు "పాలు తాగి వెళ్లండమ్మా" అనడం వినిపించాయి. భర్త ఏదో అనబోయి మరిదిని చూసి ఆగాడు. మరిది గోడ పక్క చోటుకేసి చూస్తున్నాడు.

"ఎడమ చెయ్యా వదినా?" అన్నాడు.

"అవును. చెయ్యి నొప్పని నీకూ చెప్పింది. నువ్వు నవ్వావు."

అతను అక్కడే కింద కూర్చుండిపోయాడు. ఆమె ఓదార్చలేదు. గుడ్డ విప్పి పిప్పిని పళ్లెంలో పోసి, రేపటి నుంచి తాను ఈ పని చేయనని భర్తకు చెప్పింది. అరవలేదు, రెండోసారి చెప్పలేదు.

ఊళ్లో చిన్నదాని తల్లి ఉంది. ప్రతి ఆదివారం సాయంత్రం ఫోన్ చేసి, "బాధేం పడలేదు కదమ్మా" అని అడుగుతుంది. ఆమెకు ఇంకా చెప్పలేదు.