జాబితాలో లేని పండు

మొగుడికి పెట్టకూడని పండ్ల పేర్లు జయంతిని నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు. అరటి, బత్తాయి, సపోటా, మామిడి. రెండేళ్ళ క్రితం బీపీ వల్ల బుల్లిబాబుకు రెండు కిడ్నీలూ పాడై, వారానికి మూడుసార్లు డయాలసిస్ మొదలైంది. ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన జాబితా అప్పట్నుంచీ ఫ్రిజ్ తలుపు మీదే ఉంది. కూరముక్కలు ఉడికించి, ఆ నీళ్ళు పారబోసి, మళ్ళీ ఉడికిస్తుంది. తాగే నీళ్ళు గ్లాసుతో కొలిచి ఇస్తుంది. ఇంత జాగ్రత్తగల మనిషి చేతుల మీదుగానే ఇలా జరగాలా అంటే ఏం చెబుతాం!

ఆ ఆదివారం పొద్దున కొండాపూర్ సూపర్ మార్కెట్లో ఆమెకు ఎన్నడూ చూడని పండు కనిపించింది. పసుపుపచ్చగా, ఐదు అంచులు తేలి ఉంది. అడ్డంగా కోస్తే ముక్క అచ్చం నక్షత్రమే. అట్ట మీద స్టార్ ఫ్రూట్ అని రాసి ఉంది. జయంతి అక్కడే నిలబడి, ఫోనులో దాచుకున్న జాబితా ఫొటో తెరిచి పైనుంచి కిందికి రెండుసార్లు చదివింది. ఆ పేరు లేదు. ఆయనకు ధైర్యంగా పెట్టగల కొత్త పండు ఇన్నాళ్ళకు దొరికిందని ఆమె సంతోషం పట్టలేకపోయింది.

ఇంటికొచ్చి ఒకటి కోసి పళ్ళెంలో పేర్చింది. బుల్లిబాబు ఒక ముక్క కొరికి, "భలే ఉందోయ్," అన్నాడు. ఆ మాట చాలు. రెండోదీ కోసింది.

పదకొండింటికి ఎక్కిళ్ళు మొదలయ్యాయి.

"ఎవరో తలుచుకుంటున్నారు," అని జయంతి ఆయన నోట్లో చిటికెడు పంచదార వేసింది. సరైన పేరు తగిలితే ఎక్కిళ్ళు ఆగుతాయంటారు కదా! కూతురు సంయుక్త ఆదివారమైనా తప్పని ఆఫీసు పని చేసుకుంటూనే వరసగా పేర్లు చెప్పింది: రాజమండ్రి పెదనాన్న, పాత ఆఫీసులో క్యాషియర్, పెళ్ళిసంబంధాల పేరయ్యగారు. ఒక్క పేరూ తగల్లేదు. పన్నెండు దాటింది.

ఇక మిగిలింది ఉలిక్కిపడేలా చెయ్యడం. ఎక్కిళ్ళు పట్టినవాడికి లేని దొంగతనం అంటగట్టడం వాళ్ళింట్లో తాతలనాటి వైద్యం. జయంతి ముఖం గంభీరంగా పెట్టింది.

"ఏవండీ, ఆఫీసులో పాత ఫైళ్ళు మీరే మాయం చేశారట. పోలీసులు కింద ఉన్నారు."

ముప్ఫయ్యేళ్ళ ఉద్యోగంలో ఒకరి పైసా ముట్టని మనిషి. ఈపాటికి ఇల్లెగిరిపోయేలా అరవాలి. ఆయన మాత్రం నెమ్మదిగా లేచి, "సరే, చొక్కా ఇవ్వు," అన్నాడు. చొక్కా ఇచ్చాక ఆమె ముఖంలోకి చూసి, "నువ్వెవరమ్మా?" అన్నాడు.

ఉలిక్కిపడింది జయంతి. హాస్యానికన్నాడేమో అనుకోబోయింది కానీ ఆ కళ్ళలో హాస్యం లేదు.

సంయుక్త డయాలసిస్ సెంటర్‌కు ఫోన్ చేసి, స్పీకర్ ఆన్ చేసింది. అక్కడ మిషన్లు చూసే నరేందర్ అంతా విని, "ఇయ్యాల కొత్తగ ఏమన్న తిన్నరా సార్?" అని అడిగాడు.

"కొత్తగా అంటే స్టార్ ఫ్రూట్ అండీ," అంది జయంతి. "మీ లిస్టులో లేదు కదా."

"ఎన్ని తిన్నరు మేడమ్?"

"రెండు."

"కిడ్నీ పేషెంట్లకు అది విషం మేడమ్. మనకైతే ఏం గాదు, మూత్రంల బయటికి పోతది. సార్ ఒంట్లనే ఉండి మెదడుకెక్కుతది. ఈడ ఎవ్వరు తినరని లిస్టుల రాయలేదు. ఇగ జర కూడ ఆగకుండ్రి. డాక్టర్‌కు చెప్పి మిషన్ రెడీ పెడ్త."

జయంతికి తన చేతులు తనకే పరాయివిగా కనిపించాయి. కారులో ఆయన తల ఒళ్ళో పెట్టుకుని, "నేనే పెట్టాను, నేనే పెట్టాను," అని పైకే అంటూ కూర్చుంది. కొత్తగూడ సిగ్నల్ దగ్గర ఆయనకు ఫిట్స్ వచ్చాయి. సంయుక్త హారన్ మీద చెయ్యి తియ్యలేదు.

ఆ రోజు నాలుగు గంటలు, మర్నాడు నాలుగు గంటలు, మంగళవారం మళ్ళీ మిషన్ పెట్టారు. ఇంకో రెండు గంటలు ఇంట్లోనే ఉంచుకుని ఉంటే దక్కేవాడు కాడని డాక్టరు చెప్పింది. మంగళవారం మధ్యాహ్నం బుల్లిబాబు కళ్ళు తెరిచి, "జయా," అన్నాడు.

ఆమె భోరుమంది. జరిగిందంతా చెప్పింది. "చేతులారా చంపబోయానండీ. మీరు భలే ఉందన్నారని రెండోదీ కోశాను."

బుల్లిబాబు ముఖం చిట్లించాడు.

"ఎక్కడ బాగుందే. ఒకటే పులుపు. నువ్వంత సంబరంగా కోసి తెస్తే బాగాలేదని ఎలా అంటాను?"

"రెండోది కూడానా?"

"రెండోది కూడా."

ఒక్క మాట అని ఉంటే రెండోది కోసేది కాదు. కోపం రావాలో ఏడుపు రావాలో జయంతికి తెలియలేదు. ఈ రెండేళ్ళలో తను పెట్టిన ప్రతి ముద్దకూ ఆయన భలే ఉందనే అన్నాడు.

"నా కోసం ఇంకా ఏమేం అలా తిన్నారండీ?" అని అడిగింది.

బుల్లిబాబు మిషన్ వైపు తల తిప్పుకున్నాడు.