ఫాదర్ల బడి చరిత్రలో వెంకటరాజు మాస్టారు

నిడదవోలు అవతల, అందరూ ఫాదర్ల బడి అని పిలిచే కేథలిక్ హైస్కూలుకు నూట పాతికేళ్లు నిండాయి. దాని చరిత్ర రాసే పని తెలుగు మాస్టారు వెంకటరాజుగారి మీద పడింది. ముప్ఫై రెండేళ్లు అక్కడే పాఠాలు చెప్పి, మార్చిలో రిటైరవబోతున్న మనిషి.

మాస్టారు నలభై పేజీలు రాశారు. ఇటలీ నుంచి వచ్చి పాకలో బడి పెట్టిన మొదటి ఫాదర్, ఎనభై ఆరు నాటి వరదల్లో ఊరంతా తలదాచుకున్న తరగతి గదులు, క్రిస్మస్ నాటకంలో పోటీపడి మరియమ్మ వేషం కట్టే హిందువుల పిల్లలు, ఆఖరికి గంట కొట్టే సత్తిరాజు కూడా అందులోకి ఎక్కారు. తన గురించి మాత్రం ముక్క రాసుకోలేదు. రాయకపోతేనే కదా, హెడ్మాస్టరు ఫాదర్ ఐజాక్ చదివి, "అదేంటండీ, మీ పేరేదీ?" అని అడిగేది. రెండుసార్లు వద్దని, మూడోసారి ఒప్పుకోవాలని మాస్టారి ఏర్పాటు.

ఫాదర్ శ్రద్ధగా చదివారు. "ఎవర్నీ వదల్లేదండి. చాలా బాగుంది," అని నేరుగా రాజమండ్రి ప్రెస్సుకు పంపేశారు.

మాస్టారికి రెండు రోజులు అన్నం సయించలేదు. మర్యాదకు పోయి మునిగానని తనను తానే తిట్టుకున్నారు. మూడో రోజు నాలుగు వాక్యాలు రాసి, జేబులో పెట్టుకుని బస్సెక్కారు.

ప్రెస్సులో కంప్యూటరు ముందున్న దేవిశ్రీ ఒకప్పుడు ఆయన దగ్గర చదువుకున్నదే. "ఫాదర్‌గారు రాసిచ్చారమ్మా, ఇది కూడా చేర్చమన్నారు," అంటూ కాగితం చేతికిచ్చారు.

"ఫైనల్ అయిపోయింది కదండీ. ఆయన్ని ఒక్కమాట అడిగేస్తాను మాస్టారూ," అని ఆమె ఫోన్ చేసి, స్పీకర్ పెట్టేసింది.

విషయమంతా విన్నారు ఫాదర్. "అలాగా. ఏం రాశానో చదువమ్మా."

దేవిశ్రీ పైకి చదివింది. "'పిల్లల గుండెల్లో గుడి కట్టుకున్న మహామనీషి. వెంకటరాజు మాస్టారు పద్యం ఎత్తుకుంటే పక్క తరగతులు సైతం పరవశించేవి...'" నిజానికి ఆ పక్క తరగతుల వాళ్లు కిటికీలు మూసుకునేవారని మాస్టారికి అప్పుడే గుర్తుకురావాలా.

"బాగుందమ్మా," అన్నారు ఫాదర్. "చివర ఒక్కటి చేర్చు. 'వెంకటరాజు మాస్టారు అబద్ధం చెప్పలేరు.'"

ఆమె టైపు చేయడం మొదలుపెట్టింది. ఒక్కో అక్షరం తెర మీదికొస్తుంటే మాస్టారు సిగ్గుతో చచ్చిపోయారు. కాపీ కొట్టిన పిల్లల్ని ముప్ఫై రెండేళ్లు నిలదీసిన మనిషి.

"ఆగమ్మా," అన్నారు. "అది నేనే రాసుకున్నాను. ఫాదర్‌గారికి తెలియదు."

"తెలుసండి," అన్నారు ఫోన్‌లో ఫాదర్. "దేవిశ్రీ, మాస్టారి వాక్యాలు తీసెయ్యమ్మా. నాది ఉంచు."