ఊకొట్టే వైద్యం

భూమిక రాగిపిండి డబ్బా మూత తీసేసరికి పిండి లోపలి నుంచి ఫోన్ మోగింది.

"నాయనా, ఇది ఈడికెట్లా వచ్చినాది?"

అమరనాథ్ వసారాలో చెప్పులు తొడుక్కుంటూ ఆగిపోయాడు. పెట్టింది తనే. ఇందాక ఫోన్ మీద గొర్రెల ఈశ్వరప్ప పేరు కనిపించగానే గుండె దడదడలాడింది. చేతికందిన డబ్బాలో దాన్ని కుక్కి మూత బిగించాడు.

"పొరపాటున పడినట్టుండాదిలే" అన్నాడు.

"పొరపాటున పిండి కప్పుకొని పండుకున్నాదా?"

తిరుమణి దగ్గర సోలార్ పార్కులో ఒక కంపెనీకీ, దానికి భూములు లీజుకిచ్చిన రైతులకూ మధ్య మనిషి అమరనాథ్. ఆ ఉద్యోగం పేరు ఇంగ్లీషులో పొడుగ్గా ఉంటుంది. ఊళ్లో మాత్రం అందరూ 'కంప్లెయింట్ల అమరనాథ్' అంటారు. కంచె దారికి అడ్డమొచ్చినా, గడ్డి కోసే పనిలోంచి ఎవరినైనా మాన్పించినా, గొర్రె లోపలికి దూరినా ఫోన్ అతనికే. ప్రతిదానికీ జవాబు చెప్పాలి. లేని జవాబు వెతికైనా చెప్పాలి. భార్య యశోదమ్మ ఉన్న రోజుల్లో ఆ బరువు సాయంత్రానికి ఇంటి గడపలో దిగిపోయేది. ఆమె పోయాక ఎక్కడా దిగడం లేదు. మొదట నిద్ర పోయింది, తర్వాత ఆకలి పోయింది. ఇప్పుడు ఫోన్ పిండిలోకి పోయింది.

మేనేజరు మంచివాడే. "లీవు తీసుకో. వచ్చేదీ రానిదీ సోమవారం చెప్పు. రాకుంటే ఇంకొకర్ని చూసుకోవాల" అన్నాడు. అమరనాథ్‌కు వెళ్లాలనే ఉంది. ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోవడం కంటే ఎండలో నలుగురి చేత తిట్లు తినడమే నయం. కానీ ఫోన్ మోగితే దాన్ని పిండిలో దాచేవాడు ఏ మొహంతో వెళతాడు?

భూమిక తండ్రిని స్కూటర్ మీద కూర్చోబెట్టుకొని పావగడలోని ఆయుర్వేద ఆస్పత్రికి తీసుకెళ్లింది. డాక్టరు లక్ష్మీప్రియ నాడి పట్టుకుంది, నాలుక చూసింది, నిద్ర సంగతి అడిగింది.

"దీన్ని బర్నౌట్ అంటారు సార్."

"అది ట్రాన్స్‌ఫార్మర్లకు కదమ్మా అయ్యేది?"

"మనుషులకూ అవుతాది. ట్రాన్స్‌ఫార్మర్‌కయితే నూనె లోపల పోస్తారు, మీకు తలమీద పోస్తాం."

చాలా రోజుల తర్వాత తండ్రి పెదవి మీద కాస్త నవ్వు కదలడం చూసి భూమిక ఫోన్‌ను తన సంచిలో వేసుకుంది.

నూనె పోసేవాడు తిప్పేస్వామి. అమరనాథ్‌ను చెక్కబల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, కళ్లమీద తడిగుడ్డ కప్పాడు. నుదుటిపైన వేలాడే పాత్రలోంచి గోరువెచ్చని నూనె సన్నటి ధారగా దిగింది.

"తల కదపగూడదు సార్. మాట్లాడగూడదు. మాట్లాడితే నూనె నోట్లోకి పోతాది."

బాగానే ఉంది. కానీ మనిషి ఆస్పత్రిలో ఉన్నాడంటే చూసి రాకుండా ఉండే అలవాటు ఆ ఊరికి లేదు. రెండో రోజు ధార మొదలయ్యీ కాకముందే బయట పార్కులో గడ్డి కోసే వెంకటక్క గొంతు వినిపించింది.

"ఈడికి రాగూడదమ్మా" అంటోంది డాక్టరు.

"నేనేమన్నా మాట్లాడతానా తల్లీ? చూసి పోతా" అంటూ వెంకటక్క తెర పక్కకు తోసి, స్టూలు లాక్కొని కూర్చొని, మాట్లాడటం మొదలుపెట్టింది.

"ఏందప్పా అమరా, ఇట్లా నూనెలో పండుకున్నావు? సరే, పండుకో. నన్ను గడ్డి కోసే పనిలోంచి తీసేసినారంట, విన్నావా?"

అమరనాథ్ విన్నాడు. జవాబు కూడా తెలుసు. కాంట్రాక్టరు మారాడు, కొత్తవాడితో మాట్లాడాలి. అలవాటుగా నోరు తెరిచాడు. చేదు నూనె నాలుక మీద పడింది.

"చెప్పినా కదా సార్" అన్నాడు తిప్పేస్వామి.

చేసేదిలేక ముక్కుతోనే "ఊఁ" అన్నాడు.

వెంకటక్కకు ఆ మాత్రం చాలు. గడ్డి నుంచి కోడలి మీదికి, కోడలి నుంచి మోకాళ్ల మీదికి వెళ్లింది. ఆ తర్వాత గొంతు తగ్గింది.

"మా చేని గట్టు ఉండాది చూడు, మా ఇంటాయన కూచొని సద్ది తినేది, అది ఇప్పుడు ఏ సోలారు పలక కింద ఉండాదో తెలీదప్పా. గడ్డి కోసేకి పోతే వెతికేదాన్ని. అన్నీ ఒగటే మాదిరి ఉండాయి."

అమరనాథ్ "ఊఁ" అన్నాడు. ఈసారి అది ముక్కులోంచి కాక ఇంకాస్త లోపలి నుంచి వచ్చింది.

వెంకటక్క కొంగుతో మొహం తుడుచుకొని లేచింది. "చెప్పుకుంటే ఎంత హాయిగా ఉండాది! పని సంగతి అయితే చూడు, కాకుంటే ఇడిసిపెట్టు. ఇదో, సెనక్కాయలు ఉడకేసి తెచ్చినా."

ఆమె వెళ్లాక గదిలో ఉడికిన కాయల వాసన మిగిలింది. యశోదమ్మ గుర్తొచ్చింది. సాయంత్రాలు కాయలు ఒలుచుకుంటూ కూర్చొని, అతను చెప్పిందంతా విని ఊఁ కొట్టేది. "ఊఁ అంటే ఏంది? ఏమన్నా చెప్పరాదా?" అని విసుక్కునేవాడు. "నువ్వు అడిగినావా?" అనేది ఆమె. నిజమే, అతను ఏనాడూ ఏమీ అడగలేదు. చెప్పుకొని, ముద్ద తిని, నిద్రపోయేవాడు.

మరునాడు ఈశ్వరప్ప వచ్చాడు. ఆ గొంతు వినగానే పాత దడ మొదలైంది. లేచి పారిపోదామంటే తలమీద ధార, కళ్లమీద గుడ్డ.

"ఫోన్ ఎందుకు ఎత్తవు రా? ఆ కంచె చుట్టూ తిరిగి గొర్రెలను నీళ్లకు తోలేసరికి నా కాళ్లు ఇరిగిపోతాండాయి! ఒగ చిన్న గేటు పెట్టమని ఎన్నిసార్లు చెప్పినా?"

"ఊఁ."

"ఊఁ అంటే పెట్టిస్తావనా?"

"ఊఁ."

ఈశ్వరప్ప కాస్త తగ్గాడు. కుంటిదైన పెద్ద పొట్టేలు గురించి, అది నడిచే దారి గురించి, దాన్ని అమ్మలేకపోవడం గురించి చెప్పుకొచ్చాడు. అమరనాథ్ మనసులోనే ఆ పొట్టేలు వెంట కొంతదూరం నడిచాడు. గుండె ఎప్పుడు నెమ్మదించిందో గమనించనే లేదు. తర్వాత ఊఁ రాలేదు. గురక వచ్చింది.

"నేను ఇంత చెప్తాంటే నిద్దరపోయినాడే!"

డాక్టరు పరుగున వచ్చి తెర ఎత్తి చూసి నవ్వు ఆపుకుంది. "పెద్దాయనా, రేపు గూడా వస్తారా?"

"గుణమిచ్చింది నీ నూనెనా, నా గొంతా?"

"తెలీదు. రెండూ ఉంచుదాం."

సోమవారం అమరనాథ్ భూమిక సంచిలోంచి ఫోన్ తీసుకొని మేనేజరుకు తనే చేశాడు. వస్తానన్నాడు. ఈశ్వరప్ప దారిలో గేటు కావాలన్నాడు. పొద్దున పూట కంప్లెయింట్లున్న జనం పార్కు పెద్దగేటు దగ్గరి షెడ్డుకే రావాలనీ, అక్కడ రెండు బెంచీలు వేయించమనీ అడిగాడు.

"కూచోబెట్టి ఏం చెప్తావు?" అన్నాడు మేనేజరు.

"చెప్పేది ఉంటే చెప్తా సార్."

ఆ సాయంత్రం భూమిక రాగిముద్ద కెలుకుతుండగా ఫోన్ మోగింది. ఈశ్వరప్ప. ఆమె తండ్రి మొహం చూసింది, తర్వాత పిండి డబ్బాను చూసింది. అమరనాథ్ ఫోన్ ఎత్తాడు.

"చెప్పన్నా."

"చెప్పేకి ఏమీ లేదప్పా. ఈ పొద్దు నూనె లేదు కదా, నిద్దర పడతాదో లేదో అని చేసినా."

అమరనాథ్ గోడకు ఆనుకొని కూర్చున్నాడు. "ఈ పొద్దు ఏం జరిగిందంటే అన్నా..." అని మొదలుపెట్టాడు.

అవతలి నుంచి "ఊఁ" అని వినిపించింది.