ఐదు నిమిషాల గంట

నూనె రాస్తే బట్టతల మీద జుట్టు మొలుస్తుందన్న ప్రకటనలు మూడు, పరీక్ష రాయకుండానే పట్టా ఇప్పిస్తామన్నది ఒకటి తీసేశాక ఆయన కాఫీ గ్లాసు అందుకున్నాడు. ఉదయం ఆరున్నర. బట్టతల ఆయనకీ ఉంది కాబట్టి మొదటి ప్రకటనను ఒక్క క్షణం ఎక్కువ చూశాడేమో, మనకెందుకు!

నీటి సరఫరా కార్యాలయంలో ఆయన ఉద్యోగం. ఏ వీధికి ఏ వేళ నీళ్ళు వదలాలో చెప్పే సాఫ్ట్‌వేర్ ఇరవై ఆరేళ్ళుగా ఆయన చేతిలో ఉంది. నీళ్ళు సమయానికి వస్తే ఆయన సంగతి ఎవరికీ గుర్తుండదు. ఆఫీసుకు ముందూ తర్వాతా ఆయనకు ఇంకో పని ఉంది. కోడ్ రాసేవాళ్ళు సందేహాలు అడిగి, ఒకరికొకరు చెప్పుకునే వేదిక ఒకటి ఇంటర్నెట్‌లో ఉంది. ఎవరైనా రావచ్చు, ఏదైనా అడగొచ్చు. అలా తలుపు బార్లా తీసి ఉంచితే మంచివాళ్ళతో పాటు చెత్తా వస్తుంది. ఆ చెత్త ఊడ్చే ముగ్గురిలో ఆయన ఒకడు. జీతం లేదు, బత్తెం లేదు.

“ఊళ్ళో పెళ్ళికి కుక్కల హడావుడి” అంటుంది భార్య, రోజుకొకసారైనా. ఆయన “నిజమేనోయ్” అని ఒప్పేసుకుని మళ్ళీ తెరలోకి తల దూరుస్తాడు.

కిటికీ పక్కన పాత కుట్టుమిషను బల్ల ఆయన స్థలం. మిషను ఎప్పుడో పోయింది, కాలితో తొక్కే పలక మాత్రం మిగిలింది. ఆలోచించేటప్పుడు దాన్ని ఊపుతూ కూర్చుంటాడు. బల్ల మీద, తెర పక్కన, టమాటా అంత ఎర్రటి రేకు గంట. తిప్పి వదిలితే టిక్కుటిక్కుమని వెనక్కి నడిచి ఒకసారి ఖణేల్మంటుంది. కోడిగుడ్లు ఉడకబెట్టడానికి భార్య కొనుక్కున్నది. ఆయన ఎత్తుకొచ్చేసి పదేళ్ళయింది. అప్పటినుంచి ఆ ఇంట్లో గుడ్లు ఒకరోజు రాయి, ఒకరోజు నీళ్ళు.

ఎత్తుకురావడానికి కారణం ఒక అమ్మాయి. వేదిక పెట్టిన మొదటి ఏడాది ఆమె ఒక ప్రశ్న అడిగింది. ఆయన అరనిమిషంలో “ఇది ఇంతకుముందే అడిగారు, వెతుక్కోండి” అని మూసేశాడు. తప్పు జరిగిందని తెర మీద వచ్చే సందేశం పాత ప్రశ్నకీ ఈమె ప్రశ్నకీ ఒకటే, నిజమే. కానీ కారణం వేరు. కడుపునొప్పని వచ్చిన ఇద్దరికీ ఒకే మందు రాసిచ్చినట్టయింది. సంగతి ఆయనకు మర్నాడు తట్టింది. అప్పటికే ఆమె “సరేనండి, క్షమించండి” అని వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. ఆయన రాసిన మూడు ఉత్తరాలకూ జవాబు లేదు.

ఆ తర్వాత తనకు తనే ఒక కట్టుబాటు పెట్టుకున్నాడు. ప్రకటనలను వెంటనే తీసేస్తాడు. మనిషి రాసిన మాట మీద చెయ్యి వెయ్యాలంటే మాత్రం గంట ఐదు నిమిషాలకు తిప్పుతాడు. అది మోగేదాకా వేలు కదపడు. ఇది తెలిసి వేదికలో అందరూ ఆయన్ను గంట మాస్టారంటారు.

ఈ ఉదయం ఫిర్యాదు ముల్లు మీద. ముల్లంటే ఆ పేరుతో రాసే మనిషి. ముఖం ఎవరూ చూడలేదు. నాలుగువేల జవాబులు రాశాడు, ఒక్కటీ తప్పు కాదు. చేతిలో విద్య ఉంది, నోరే మంచిది కాదు. రెండుసార్లు గెంటేయబోతే ఆయనే అడ్డుపడి పూచీ ఇచ్చాడు. ఇది మూడోసారి. మూడోసారైతే శాశ్వతంగా బయటికే.

దర్జీ పని చేసే ఒకావిడ తన కొట్టుకోసం చిన్న ప్రోగ్రాం రాసుకుంటోంది, ఏ బట్టలు ఏ తేదీకి ఇవ్వాలో చూసుకోవడానికి. పదో తేదీ రెండో తేదీకంటే ముందు వస్తోంది, ఎందుకని అడిగింది. ప్రోగ్రాం అంకెల్ని అక్షరాలనుకుని, పదిలో ముందున్న ఒకటిని చూసి వరస పెడుతోంది, అంతే. ముల్లు ఆ సంగతి రెండు వాక్యాల్లో చక్కగా చెప్పాడు. వాటి పైన ఇంకో వాక్యం: “అంకెకీ అక్షరానికీ తేడా తెలియనివాళ్ళు సూదీ దారం చూసుకుంటే మంచిది.”

ఒకరి మాటను ఇంకొకరు దిద్దడం వేదికలో లేదు. ఉంచితే మొత్తం ఉంచాలి, తీస్తే మొత్తం తీయాలి. తీస్తే జవాబూ పోతుంది. మిగిలిన ఇద్దరు కాపలాదారులూ ఆయనకే వదిలేశారు. తలుపు తెరిచి ఉంచాలన్నదీ మీరే, ఇల్లు శుభ్రంగా ఉండాలన్నదీ మీరే, సాయంత్రం ఆరులోగా తేల్చండి అన్నారు. ఆయన గంట తిప్పాడు. మోగింది. ఏమీ తేలలేదు. చొక్కా వేసుకుని ఆఫీసుకు వెళ్ళాడు.

ఆఫీసు రెండో అంతస్తులో. మెట్ల మలుపు దగ్గర ఎడమ భుజం పట్టేసినట్టయి రెయిలింగు పట్టుకుని నిలబడ్డాడు. టైపిస్టు నీళ్ళు తెచ్చి ఇచ్చి, డాక్టరుకు చూపించుకోమంది. గ్యాసేనమ్మా అన్నాడు. నెలరోజులుగా ఆయనకు ఏమొచ్చినా గ్యాసే.

మధ్యాహ్నం అన్నం డబ్బా మూత తీసి ఫోన్ చూశాడు. దర్జీ ఆవిడ రాసిన ముక్క ఒకటి ఉంది. “నిజమే లెండి. ఇంక అడగను.”

ఆయనకు పదేళ్ళనాటి ఆ అమ్మాయే మళ్ళీ గడప దిగుతున్నట్టనిపించి కళ్ళు చెమర్చాయి. డబ్బా పక్కకు జరిపి ఆవిడకు రాశాడు. వెళ్ళకండి, మీ ప్రశ్న మంచిది, ఈ తప్పు నేనూ చేశాను అన్నాడు. కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు ఆయన రాసిన ప్రోగ్రాం రెండో వీధికంటే ముందు పదో వీధికి నీళ్ళు వదిలింది. వారం రోజులు కారణం దొరకలేదు. రెండో వీధి ఆడవాళ్ళు ఖాళీ బిందెలతో ఆఫీసుకొచ్చి ఆయన బల్ల చుట్టూ నిలబడ్డారు. అదంతా పూసగుచ్చినట్టు రాశాడు. జవాబు రాలేదు.

ఇంటికి చేరేసరికి ఐదుంబావు. చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాడు. వంటింట్లో భార్య కూర తరుగుతోంది. కుట్టుమిషను బల్ల దగ్గర కూర్చుని ముల్లుకు ఉత్తరం మొదలుపెట్టాడు. రాసి, కొట్టేసి, మళ్ళీ రాశాడు. చివరికి మిగిలింది ఇంతే:

“నాయనా, నిన్ను బయటికి పంపితే నాలుగువేల మందికి జవాబు చెప్పిన చెయ్యి పోతుంది. ఉంచితే ఆవిడ పోతుంది. నాకు ఇద్దరూ కావాలి. గంట తిప్పుతున్నాను. మోగేలోగా ఆ పై వాక్యం నువ్వే తీసెయ్యి. నేను చూడనట్టే ఉంటాను.”

పంపి, గంట తిప్పాడు.

వంటింట్లోకి ఆ టిక్కుటిక్కు వినిపిస్తూనే ఉంటుంది, భార్యకు అలవాటే. మిషను పలక కిర్రుకిర్రుమనడమూ అలవాటే. కిర్రు ఎప్పుడాగిందో ఆమె గమనించలేదు. గంట మోగింది. మోగాక కీబోర్డు చప్పుడు వస్తుంది, పదేళ్ళుగా అంతే. ఈసారి రాలేదు. రెండు వంకాయలు తరిగేదాకా ఎదురుచూసి, “ఏమండీ, తేలిందా మీ పంచాయితీ?” అంటూ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, ఇంకా తెరనే చూస్తున్నట్టున్నాడు. చెయ్యి మౌసు మీదే ఉంది.

నాలుగోనాడు, పరామర్శకు వచ్చినవాళ్ళు వెళ్ళాక, కూతురు ఆ బల్ల దగ్గర కూర్చుంది. ఆమెదీ కోడ్ రాసే ఉద్యోగమే. తల్లి పక్కన నిలబడింది.

“ముల్లట, ఎవరే ఆ మనిషి?”

“బయటికి గెంటేయకుండా నాన్న తంటాలు పడింది ఇతని కోసమేనమ్మా. విను.” కూతురు చదివింది. “తీసేశాను మాస్టారూ. ఆవిడకి క్షమాపణ కూడా చెప్పాను. ఇంక గంట ఆపండి.”

కింద దర్జీ ఆవిడది. రెండు తర్వాతే పది వస్తోందనీ, రేపు ఇంకో సందేహం అడుగుతాననీ.

తల్లి తెర మీదికి వంగింది. “ఆయన చూశారంటావా?”

“చదవని ఉత్తరాలు లావు అక్షరాల్లో ఉంటాయమ్మా. నేను తెరిచేముందు ఆవిడది లావుగానే ఉంది.” కూతురు వేలు పై వరసకు జరిపింది. “ముల్లుది అప్పటికే సన్నగా ఉంది. చూశారు.”

తల్లి పైటచెంగుతో కళ్ళు ఒత్తుకుంది. వంటింట్లో పెట్టేద్దామా అని కూతురు గంట చేతిలోకి తీసుకుంటే, వద్దు, అక్కడే ఉండనీ అంది. కూతురు దాన్ని తెర పక్కన మళ్ళీ పెట్టింది. చుట్టూ ఎరుపు కొత్తగానే ఉంది. ఐదంకె దగ్గర మాత్రం బొటనవేలంత మేర రంగు అరిగిపోయి, లోపలి తెల్లరేకు కనిపిస్తోంది.