అర్థం కాలేదు సార్

నేను ఎకనామిక్స్‌లో ఎం.ఏ. చేశాను. ఆ చదువును ఇంతవరకు కందిపప్పు ధర మీద తప్ప ఎక్కడా వాడలేదు. యూనివర్సిటీలో నా పక్కన కూర్చుని చదువుకున్న అనూరాధ ఇప్పుడు మా నగరంలోనే, పాత ఊరి వైపు మున్సిపల్ హైస్కూల్లో టీచరు. ఒకరోజు ఫోను చేసి, "శనివారాలు వచ్చి మా పదో తరగతి పిల్లలకి ఇంటర్వ్యూలో ఎలా మాట్లాడాలో నేర్పవే. నీకు ఇంట్లో పనేముంది?" అంది. రెండో మాటకి కోపం వచ్చినా, మొదటి మాటకి ఒప్పుకున్నాను.

పోర్టులో ఉద్యోగం చేసే మా ఆయన శ్రీరామ్మూర్తి, ఈ సంగతి విని, "మాట్లాడడం నేర్పడానికి నిన్ను పిలిచారంటే, మనిషిని బాగానే వెతుక్కున్నారు" అన్నారు. అది పొగడ్తో కాదో అడగలేదు. ఆ పూట చారులో ఉప్పు మాత్రం మర్చిపోయాను.

ఓడలు మరమ్మతు చేసే కంపెనీ ఒకటి కొత్తగా శిక్షణ బడి తెరిచింది. పదో తరగతి పూర్తయిన పిల్లల్ని తీసుకుని, హాస్టల్లో పెట్టి, వెల్డింగూ మెషీన్ల పనీ నేర్పి డిప్లొమా ఇస్తుంది. మార్కులు ఒక్కటే చాలవు, ఇంటర్వ్యూలో కూడా గట్టెక్కాలి. అదీ నన్ను పిలవడానికి కారణం.

మొదటి శనివారం కుర్చీలో ఎలా కూర్చోవాలి, ఎదుటివాళ్ళ కళ్ళలోకి ఎలా చూడాలి అని దంచి చెప్పి, "అర్థమైందా?" అన్నాను.

"అర్థమైంది మేడమ్." గది మొత్తం ఒక్క గొంతై పలికింది.

మా ఇంట్లో నా మాట ఇంత త్వరగా ఎవరికీ అర్థం కాదు. ఉబ్బిపోయాను. ఇంకాస్త చెప్పాక ఎందుకో అనుమానం వచ్చింది. గొంతు మార్చకుండా, "ఇంటర్వ్యూకి వెళ్ళేముందు ఇడ్లీ పిండిని ఇస్త్రీ చేసి, మడతపెట్టి జేబులో పెట్టుకోవాలి. అర్థమైందా?" అన్నాను.

"అర్థమైంది మేడమ్."

ఒక్కరూ నవ్వలేదు. బయటికొచ్చాక అనూరాధని నిలదీశాను. "ఒకటో తరగతి నుంచి అలవాటే. మేం అడుగుతాం, వాళ్ళంటారు. పాఠం ముందుకెళ్ళాలి కదే" అంది, నేనేదో వింత ప్రశ్న వేసినట్టు.

తర్వాతి శనివారం చెవులు రిక్కించి విన్నాను. ఆ కోరస్‌కి ఒక మొదలుంది. మధ్య బెంచీలో రెండు జడల పిల్ల "అర్..." అనగానే మిగతా అందరూ అందుకుంటున్నారు. ఆ పిల్లని డస్టరు తెమ్మని స్టాఫ్ రూముకి పంపి, "అర్థమైందా?" అన్నాను. చప్పుడు లేదు. అందరూ గుమ్మం వైపు చూస్తున్నారు. డస్టరుతో ఆ పిల్ల వచ్చి కూర్చుంది. మళ్ళీ అడిగాను. గది పైకప్పు లేచిపోయింది.

అంటే క్లాసు మొత్తానికీ ఆలోచించేది ఆ ఒక్క పిల్లే. తనని లేపి, "నీ పేరేమిటమ్మా?" అన్నాను. చేతులు కట్టుకుంది, తల దించుకుంది, అంతే. పక్కనున్న పిల్ల "గౌరీశ్వరి మేడమ్" అంది. ఆపైన క్లాసంతా "గౌరీశ్వరి మేడమ్" అంది. గౌరీశ్వరి తప్ప.

వాళ్ళ నాన్న ఎల్లారావు పూర్ణా మార్కెట్లో ఉల్లిపాయల బస్తాలు తోపుడుబండి మీద చేరవేస్తాడు. అల్లం కొనడానికి వెళ్ళినప్పుడు పట్టుకున్నాను.

"మా పిల్ల మాటాడదమ్మా" అన్నాడు. "ఇంట్లో నానూ ఆలమ్మా మాటాడేత్తే ఇంకేటి మిగుల్తాది?"

"మరి ఆ శిక్షణకి వెళ్ళాలని ఉందా తనకి?"

"ఉందా అంటారేటి? ఆదివారం వత్తే ఫిషింగ్ హార్బరుకి ఎల్లి బోట్లకి వెల్డింగ్ పెడతంటే సూత్తా కూకుంటాది. కళ్ళు పోతాయే అన్నా ఇనదు. సీటొత్తే పంపుతాను. రాపోతే మా బావ బట్టల కొట్లో మడతలెట్టడానికి పెట్టేత్తాను. అక్కడైతే మాటాడక్కల్లేదు కదా."

ఆ మాటతో నాకు పౌరుషం వచ్చింది. ఆదివారం సాయంత్రాలు గౌరీశ్వరిని మా ఇంటికి రప్పించాను. ఒక్కతే మాట్లాడలేకపోతోంది కనుక ఇద్దరం కలిసి మాట్లాడడం మొదలుపెట్టాం. నేను చిక్కుడుకాయలు ఒలుస్తూ "నా పేరు గౌరీశ్వరి" అంటే తనూ నాతో పాటు అనేది. కొంచెం కొంచెంగా నా గొంతు తగ్గించుకుంటూ వచ్చాను, సైకిలు నేర్పేవాళ్ళు వెనక సీటు మీద చెయ్యి తీసేసినట్టు. ఒకరోజు "నాకు వెల్డింగంటే ఇష్టం" అన్న మాట వంటింట్లో ఒక్కటే వినిపించింది. ఇద్దరం ఉలిక్కిపడ్డాం.

ఆ తర్వాత పాఠం, అర్థం కానప్పుడు కాలేదనడం. దీనికి మా ఆయన్ని వాడుకున్నాను, ఆయనకి చెప్పకుండా. పోర్టులో ఓడ, అది ఆగే బెర్తు దగ్గరికి ఎలా వస్తుందో ఈ పిల్లకి చెప్పండి అన్నాను. ఆయన టీ చల్లారేదాకా చెప్పి, "అర్థమైందా?" అన్నారు.

గౌరీశ్వరి నావైపు చూసింది. నేను చిక్కుడుకాయల వైపు చూశాను.

"కాలేదు సార్."

ఆయన మళ్ళీ చెప్పారు. "కాలేదు సార్." పెళ్ళయిన ఇన్నేళ్ళలో నేను అనలేకపోయిన మాటని ఆ పిల్ల వెంటవెంటనే రెండుసార్లు అంది. మూడోసారి చెబుతుంటే ఆయనకి కూడా అర్థమవుతున్నట్టు కనిపించింది.

మా ఇంట్లో అయితే సరే. కొత్తవాళ్ళ మధ్య ఆ గొంతు వస్తుందా అన్నదే నా బెంగ.

ఇంటర్వ్యూ రోజు ఊళ్ళోని చాలా బడుల పిల్లల్ని శిక్షణ బడి హాల్లో కూర్చోబెట్టారు. వెంట వచ్చినవాళ్ళకి వెనక బెంచీలు. ఎల్లారావు ఉతికిన చొక్కా వేసుకుని, భుజం మీది తువ్వాలు మెలితిప్పుతూ నా పక్కన కూర్చున్నాడు. ముందుగా ఒక ఆఫీసరు వచ్చి, వర్క్‌షాపులో పాటించాల్సిన జాగ్రత్తలన్నీ రైలు వెళ్ళినట్టు చెప్పేశాడు. నెత్తిమీద ఫ్యాను ఆయన్ని మించి మోగుతోంది.

"అర్థమైందా?"

"అర్థమైంది సార్." ఇన్ని బడులకీ ఒక్కరే టీచరేమో అనిపించింది.

ఆ కోరస్‌లో మా పిల్ల గొంతు కోసం వెతికాను. లేదు. ఉన్న గొంతు కూడా పోగొట్టానా అనుకుంటుండగా గౌరీశ్వరి లేచింది. చేతులు కట్టుకుంది. మళ్ళీ విప్పేసింది.

"నాకు అర్థం కాలేదు సార్."

ఎల్లారావు తువ్వాలుతో మొహం కప్పుకుని, "అయిపోయిందమ్మా. బట్టల కొట్టే" అన్నాడు.

ఆఫీసరు కళ్ళజోడు సవరించుకున్నాడు. "ఏం అర్థం కాలేదు?"

"గేసు లీకయితే ముందేటి సెయ్యాలో సెప్పారు కదా సార్. ఫేను సప్పుడికి ఇనపడ్లేదు. మళ్ళీ సెప్పండి."

"మిగతావాళ్ళకి వినపడిందా?"

"వినపడింది సార్."

"అయితే నువ్వు చెప్పు" అన్నాడు ముందు వరసలోని అబ్బాయితో. ఆ అబ్బాయి నేల చూశాడు. పక్కవాణ్ణి అడిగితే వాడూ నేలే చూశాడు. కాసేపటికి హాలంతా నేలని పరిశీలిస్తోంది. ఆఫీసరు ఫ్యాను ఆపించి, ఈసారి నిదానంగా, ఒక్కొక్కటీ విడమరిచి చెప్పాడు. చివర్లో ఎవర్నీ అడగలేదు. గౌరీశ్వరి వైపు మాత్రం చూశాడు.

"ఇప్పుడైంది సార్" అని, విన్నదంతా తిరిగి అప్పజెప్పింది. ఒక్కతే. మధ్యలో అందుకోవడానికి ఎవరికీ తెలియదు కూడా.

ఎల్లారావు తువ్వాలు కొంచెం కిందికి దించాడు.

తర్వాత ఒక్కొక్కర్నీ లోపలికి పిలిచారు. గౌరీశ్వరి బయటికి రాగానే, "ఏమడిగారే?" అన్నాను.

"అర్థం కాపోతే అడగాలని ఎవరు నేర్పారని అడిగారు మేడమ్."

"ఏం చెప్పావు?"

"మా మేడమ్ గారి సారు ఏటి సెప్పినా ఎంటనే అర్థం కాదు సార్, ఆలింట్లో నేర్సుకున్నాను అని సెప్పాను."

సీటొచ్చింది. ఆ జవాబు గురించి మా ఆయనకి ఇంకా చెప్పలేదు. మంచి సమయం కోసం దాచుకున్నాను.

బడి తెరిచిన కొన్నాళ్ళకి అనూరాధ ఫోను చేసింది. "ఏం చేసి పోయావే? గౌరీశ్వరి సంగతి విని కొత్త పదో తరగతికి కూడా అంటుకుంది. అర్థమైందా అంటే సగం క్లాసు లేచి నిలబడుతోంది. సిలబస్ కదలట్లేదు."

"మళ్ళీ చెప్పు మరి" అన్నాను. "నీకు బళ్ళో ఇంకేం పనుంది?"

మొన్న పూర్ణా మార్కెట్లో ఎల్లారావు బండి ఆపి మరీ పలకరించాడు. గౌరీశ్వరి సెలవుకి ఇంటికొచ్చిందట, వెల్డింగ్ హెల్మెట్‌తో సహా.

"ఒకటే ప్రశ్నలమ్మా. ఇదేటి, అదెందుకు, అలాగెందుకు సెయ్యకూడదు అని. ఇంట్లో నాకూ ఆలమ్మకీ మాటాడ్డానికి సందు దొరకట్లేదు" అని మొహం చిట్లించాడు.

ఆ మొర నాకు అల్లం కొట్టు దగ్గర చెప్పుకున్నాడు. నేను బెల్లం కొనేసరికి అక్కడా అదే చెబుతున్నాడు. చింతపండు కొట్టతను అప్పటికే వినేసినట్టున్నాడు, మళ్ళీ వింటున్నాడు. నా సంచీ నిండిపోయింది. అయినా కొనాల్సిందేదో మిగిలినట్టు, ఆ బండి వెనకాలే మార్కెట్ చివరిదాకా నడిచాను.